కిందికి దిగని కాలు

రేణుక నోరు మంచిదే, కాకపోతే దానికి గడియ లేదు. ఎవరు ఏ సంగతి ఎత్తినా "నా చిన్నప్పుడైతేనా" అని అందుకోవడం ఆమెకు అలవాటు. వరసగా ఒంటిగది ఇళ్లుండే గంగారాం చాళ్ రెండో అంతస్తులో ఆ చిన్నప్పటి కథలు వినని గడప లేదు. వాటిలో అన్నింటికంటే పెద్దది లంగ్డీ కథ. లంగ్డీ అంటే మన కుంటుడాటే. తరిమేవాళ్లు ఒక కాలు మడిచి, ఒంటికాలి మీద గెంతుతూ అవతలి జట్టువాళ్లను ముట్టుకోవాలి. మడిచిన కాలు నేలకు తగిలితే తరిమేవాళ్లు ఔటు. చేతికి చిక్కినా, గీత దాటినా పరుగెత్తేవాళ్లు ఔటు. మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివే రోజుల్లో తన ఆట చూడటానికి నాగ్‌పాడా నుంచి కూడా పిల్లలు వచ్చేవారని, కాలు ఒకసారి ఎత్తిందంటే బడి గంట కొట్టేదాకా దించేది కాదని రేణుక చెప్పేది. చెప్పినప్పుడల్లా ఆ గంట ఇంకాస్త ఆలస్యంగా మోగేది.

ఆమెతో చదివినవాళ్లు కొందరు కళ్యాణ్ వైపు, కొందరు భివండీ వైపు వెళ్లిపోయారు. సాక్షులు లేని గొప్పకు అడ్డేముంటుంది?

ఇప్పుడామెకు నలభై ఆరు. లాల్‌బాగ్‌లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో చపాతీలు చేస్తుంది. పొద్దున్నే పెనం ముందు నిలబడితే మధ్యాహ్నం భోజనాలు అయ్యేదాకా కూర్చోవడమన్నది ఉండదు. భర్త శైలేష్ కొరియర్ ఆఫీసులో పనిచేస్తాడు. కూతురు మేఘా కాలేజీలో చదువుతూ కబడ్డీ ఆడుతుంది. అత్త పెంటమ్మకు డెబ్బై దాటాయి గాని, మాటకు మాత్రం ఇంకా పదహారే.

ఆ గల్లీలో మండలివాళ్లు ఏటా జనవరి ఇరవై ఆరున పొద్దున జెండా ఎగరేసి, సాయంత్రం సత్యనారాయణ పూజ చేయిస్తారు. ఈసారి ఆ రెండింటి నడుమ ఆడవాళ్ల ఆటలు కూడా పెట్టారు. గంగారాం చాళ్‌కూ, ఎదురుగా ఉన్న ఈరన్న చాళ్‌కూ లంగ్డీ పోటీ. బాగా ఆడినవాళ్లకు జరీ అంచు పైఠణీ పట్టుచీర.

ఈ వార్త నల్లా దగ్గరికి వచ్చేసరికి రేణుక బిందె పట్టుకుని వరసలో ఉంది. గంగారాం చాళ్ జట్టును కూడగడుతున్న దర్శన, పెళ్లై ఏడాదైనా కాని పిల్ల, వేళ్లు మడిచి చూసుకుని "ఇంకొకలు తక్కువ పడ్తున్నరు" అంది.

రెండు చాళ్లకూ నల్లా ఒకటే కాబట్టి ఎదురు చాళ్ సపన కూడా అక్కడే ఉంది. సపనకు ఫాక్‌లాండ్ రోడ్డులో చీరలకు ఫాల్, పీకో వేసే చిన్న దుకాణం ఉంది. మనిషి చురుకు, మాట ఇంకా చురుకు. పోయినేడాది హల్దీ కుంకుమ పేరంటం రోజున రేణుక చేసిన పచ్చిపులుసు ఒక గుక్క తాగి, "ఇయాల నల్లా జల్దీ వచ్చిందా వదినె?" అని అడిగింది. అప్పట్నుంచి ఇద్దరి మధ్య మాటలున్నాయి గాని, ప్రతి మాటకూ ఒక ముల్లుంది.

"తక్కువెట్ల పడ్తరే దర్శనా? మన రేణుక వదినె లేదా?" అంది సపన. "నాగ్‌పాడా పోరగాండ్లు గూడ చూడనీకి ఉర్కొచ్చేటోళ్లంట."

వరసంతా నవ్వింది. రేణుక బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. కాదంటే ఇన్నేళ్లుగా పెంచుకున్న పేరు పోతుంది, అవునంటే కాళ్లు పోతాయి. ఏది పోవాలో ఆమె ఇంకా తేల్చుకోనే లేదు, నోరు తేల్చేసింది.

"ఆడుత. నాకేం భయమా? నువ్వు జర మంచిగ ఉర్కుడు నేర్చుకో."

ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి సాధన మొదలుపెట్టింది. ఎవరూ లేని సమయమంటే అత్త తప్ప ఎవరూ లేని సమయం. పెంటమ్మ ఎక్కడికీ పోదు. మంచానికీ బీరువాకీ మధ్య ఉన్న సందులో, కొంగు నడుముకు దోపుకుని, ఎడమకాలు వెనక్కి మడిచి రేణుక గెంతింది. గోడకున్న గిన్నెల స్టాండు గల్లుమంది.

"ఈ చాళ్ ఎట్లన్న బిల్డరు కూలగొడ్తడంట గదనే," అంది పెంటమ్మ మంచం మీద నుంచి. "గాయన పని నువ్వెందుకు జేస్తున్నవ్?"

ఇంకో నాలుగు గెంతులు గెంతిందో లేదో తలుపు చప్పుడైంది. కింది గదిలో ఉండే లస్మయ్య, చేతిలో చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"పైన ఏం దంచుతున్నరు బిడ్డా?"

"పసుపు, కాకా," అంది రేణుక, ఆయాసం బయటపడకుండా మూతి బిగించి.

లస్మయ్య గ్లాసు ముందుకు చాపి చూపించాడు. చాయ్ మీద సున్నపు పెచ్చు ఒకటి తేలుతోంది. "పసుపైతే పచ్చగుండాలె గద," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చిన మేఘాకు నాయనమ్మ అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మేఘా తల్లిని ఎగాదిగా చూసి, "మమ్మీ, ఆధీ స్ట్రెచింగ్ కర్. పాణీ పీ. నాహీతర్ పాయాత్ గోళా యేఈల్," అంది. కాళ్లు సాగదీసి, నీళ్లు తాగి ఆడకపోతే కండ ముద్దకట్టి పట్టేస్తుందని ఆ పిల్ల హెచ్చరిక. పిక్క పట్టేయడాన్ని మరాఠీలో గోళా రావడం అంటారు.

"మా కాలంల గోళాలు లెవ్వు, గీళాలు లెవ్వు," అంది రేణుక.

నిజానికి వారానికో రెండు రోజులు నిద్రలో పిక్క పట్టేసి లేచి కూర్చుంటూనే ఉంటుంది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పదు. చెబితే ముసలైందంటారు.

ఇరవై ఆరో తారీఖు రానే వచ్చింది. ఆ ఏడు పూజలో కూర్చునే దంపతులు రేణుక, శైలేష్‌లే. కూర్చునేవాళ్లు పూజ అయ్యేదాకా అన్నం తినరు. నీళ్లూ చాయ్ తాగొచ్చు, అందరూ తాగుతారు. కానీ జెండా వందనం దగ్గర ఎవరో "ఉపాసమా అక్కా?" అని అడిగితే రేణుక, "నేను ఉపాసముంటే నీళ్లు గూడ ముట్ట" అనేసింది. అన్నాక తాగడమెలా? నోరెండిపోతున్నా, పొయ్యి ముందు నిలబడి ప్రసాదానికి పెద్ద గంగాళంలో రవ్వకేసరి కలిపింది. ఆ తర్వాత కూతురి స్పోర్ట్స్ బూట్లు తొడుక్కుంది. అవి ఒక సైజు చిన్నవి. పంజాబీ డ్రెస్సు మీద ఓణీ నడుముకు బిగించి మెట్లు దిగుతుంటే శైలేష్ వెనక నుంచి, "చూసుకుంట ఆడు, సాయంత్రం పూజల నేనొక్కన్నే కూసోవాల్సొస్తది" అన్నాడు.

గల్లీకి రెండు వైపులా బెంచీలు అడ్డం పెట్టి, ముగ్గుపిండితో గీతలు గీశారు. రెండు చాళ్ల వరండా గ్యాలరీలన్నీ మనుషులతో వంగిపోయాయి. మెడలో ఈల వేసుకుని అంపైరుగా నిలబడింది ఎవరో చూసి రేణుక తల దించుకుంది. లస్మయ్య.

మొదట ఈరన్న చాళ్ తరిమింది. రేణుక అందరికంటే ముందే ఔటైంది. "గట్ల కాదే, వంగి ఉర్కాలె" అని దర్శనకు నేర్పుతూ తనే గీత దాటేసింది. మొత్తం మీద ఈరన్న చాళ్ అయిదుగురిని ఔటు చేసింది. తర్వాత గంగారాం చాళ్ వంతు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లి గెంతి, కాళ్లు దించి, రొప్పుతూ తిరిగొచ్చారు. అందరూ కలిసి చేసిన ఔట్లు రెండే. గెలవాలంటే ఇంకో నలుగురు కావాలి, మిగిలింది రేణుక ఒక్కతే.

"పోనీ తియ్ అక్కా, చేతనైనంత," అంది దర్శన జాలిగా.

ఆ జాలి రేణుకకు నచ్చలేదు. ఎడమకాలు మడిచి గీత లోపలికి గెంతింది.

మొదటి గెంతులు బరువుగా పడ్డాయి. కానీ గల్లీ సగం దాటేసరికి ఒంట్లోకి ఏదో పాత లయ వచ్చి చేరింది. చేతులు వాటంతట అవే రెక్కల్లా విచ్చుకున్నాయి. పాదం నేలను తాకి తేలుతోంది. చెప్పుకున్న కథల్లో ఎంత కల్పన ఉన్నా, ఈ గెంతు మాత్రం తను ఒకప్పుడు నిజంగా గెంతినదే. రేణుకకు నవ్వొచ్చింది. ఎదుట సపన ముఖంలో మొదటిసారి కంగారు కనిపించింది.

సరిగ్గా అప్పుడే ఎడమ తొడ వెనక ఎవరో పిడికిలి బిగించినట్టయింది. బిగించిన పిడికిలి మెలితిరిగింది. కండ రాయిలా గట్టిపడి, మడమను పైకి లాగి పిరుదుకు అతికించేసింది. రేణుక ప్రాణం గిలగిల్లాడింది. ఆటా వద్దు, చీరా వద్దు, కాలు కింద పెట్టేసి ఔటైపోదామనుకుంది. పెట్టబోయింది. కాలు దిగలేదు.

"నా కాలు! కాలు పోయింది! పట్టుకోండే!" అని అరిచింది.

గంగారాం చాళ్ అది రణగర్జన అనుకుంది. "కాలు దించకక్కా!" అని దర్శన ఎగిరింది.

"దిగుతలేదే!"

"దిగొద్దు! దిగొద్దు!" అని గ్యాలరీలు మారుమోగాయి.

ఆగితే పడిపోతుంది, గెంతితేనే నిలబడుతుంది. అందుకని రేణుక గెంతింది. ఆనుకోవడానికి ఏదో ఒకటి కావాలి. దగ్గర్లో ఈరన్న చాళ్ పిల్ల ఒకతి కనిపిస్తే దాని భుజం కోసం చేయి చాపింది. ఆ పిల్ల కెవ్వుమని పారిపోబోయింది. జడ దొరికింది. ఈల మోగింది. ఔటు. పక్కన బెంచీ పట్టుకుందామని అటు తిరిగితే, బెంచీ ముందు నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు, కళ్లు పెద్దవి చేసి, పళ్లు బిగబట్టి తమ మీదికి వస్తున్న రేణుకను చూసి వెనక్కి వెనక్కి నడిచి గీత దాటేశారు. రెండు ఈలలు. ఆమె సాయం కోరి ఎటు తిరిగితే అటు జనం చెదిరిపోతున్నారు. సాయం చేసేవాళ్లంతా గీతకు అవతల, పారిపోయేవాళ్లంతా ఇవతల.

చివరికి మూలన సపన మిగిలింది. కుడికి వంగింది, ఎడమకు వంగింది. రేణుకకు కుడీ ఎడమా తెలియడం లేదు. రెండు చేతులూ చాచి ఉన్నపళంగా ఆమె మెడ మీద పడింది.

"సపనా! ఇడ్సకే తల్లీ, సచ్చిపోతున్న!"

పెద్ద ఈల. గంగారాం చాళ్‌లో పళ్లాలు మోగాయి. ఇద్దరూ ముగ్గుపిండి మీద కూలబడ్డారు. రేణుక పక్కకు ఒరిగి, మడిచిన కాలిని రెండు చేతులా పట్టుకుని ఏడుపందుకున్నాక గాని అది ఆట కాదని ఎవరికీ తెలియలేదు.

తెలిశాక గల్లీలో వైద్యులు కాని వాళ్లు లేరు. ఒకామె అరటిపండు తెచ్చింది. ఒకాయన బొటనవేలు గుంజమన్నాడు. ఎవరి బొటనవేలో చెప్పకపోవడంతో ఒక పెద్దమ్మ రేణుక బూట్లు ఊడదీసి, పట్టుదలగా ఆమె కుడికాలి వేలు గుంజుతూ కూర్చుంది. శైలేష్ పూజ తువ్వాలుతో విసురుతూ "నస్ చడ్ గయీ, నస్ చడ్ గయీ" అని, నరం పట్టేసిందని, వచ్చినవాళ్లందరికీ హిందీలో చెబుతున్నాడు. అంతలో రెండో అంతస్తు గ్యాలరీ నుంచి పెంటమ్మ గొంతు దిగింది.

"ఎదురుకాళ్లతోని పుట్టినోళ్లు ఎవలన్న ఉన్నరా? ఉంటే తన్నమనుండ్రి!"

తల గాక కాళ్లు ముందుగా పుట్టినవాళ్లు కాలితో తంతే పట్టేసిన నరం వదులుతుందని పాతవాళ్ల నమ్మకం. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత ఎదురు చాళ్ కిటికీలోంచి సపన తల్లి ఎల్లమ్మ తల బయట పెట్టింది.

"మా సపన గట్లనే పుట్టింది! నా పానం దీసి పుట్టింది!"

అందరూ సపన వైపు చూశారు. సపన రేణుక వైపు చూసింది. పచ్చిపులుసు రోజు మొదలు, రేణుక కూడా తక్కువ తినలేదు. సపన వేసిన ఫాల్ చీర కంటే ముందు చినుగుతుందని గల్లీ అంతా చెప్పింది.

"నాకొద్దు బాయీ," అంది సపన. "రేపు నల్లా కాడ నేను తన్నిన్నని అందరికి చెప్తది."

"చెప్ప!" అని మూలిగింది రేణుక. "దేవుని మీద ఒట్టు, ఎవలకు చెప్ప! తన్నవే!"

చెప్పాల్సిన అవసరం ఏముంది, గల్లీ మొత్తం చూస్తూనే ఉంటే. సపన చెప్పు విడిచి, దేవుడికి దండం పెట్టుకుని, కుడికాలు ఎత్తింది. మొదటిది తాకీ తాకనట్టు తాకింది. రెండోది కాస్త ఆనింది. మూడోది ఔటైన కోపమో, నమ్మకం మీద గౌరవమో గాని, చప్పుడొచ్చేలా పడింది. రేణుక కెవ్వుమంది. ఆ కేక ఆగకముందే సపన కూడా కెవ్వుమని, పిక్క పట్టుకుని ఆమె పక్కనే చతికిలబడింది.

"అయ్యో, నాకొచ్చింది! గోళా నాకొచ్చింది!"

"ఏం గాదు," అంది పెంటమ్మ పైనుంచి. "గామెది ఈమెకు ఎక్కింది, గంతే."

అప్పుడు మేఘా జనాన్ని నెట్టుకుంటూ వచ్చింది. "సరకా సగళే!" అని అందరినీ వెనక్కి జరిపింది. పెద్దమ్మ చేతిలోంచి కుడికాలి వేలు విడిపించింది. తల్లి మోకాలు ఒక చేత్తో పట్టి, మడమ ఇంకో చేత్తో పట్టి, కొంచెం కొంచెంగా, బతిమాలినట్టు, కాలు చాపింది. చాపిన కాలి ఎదురుగా సపనను కూర్చోబెట్టి ఆమె కుడి పాదాన్ని తల్లి ఎడమ పాదానికి ఆనించింది.

"మోకాళ్లు వంచొద్దు. మడిమలతోని తొయ్యుండ్రి, వేళ్లు మీ దిక్కు రావాలె. హళూ హళూ, మెల్లగ. గుంజుకోవద్దు."

ఇద్దరూ ఎదురెదురుగా, చేతులు వెనక నేలకు ఆన్చి, అరికాలికి అరికాలు పెట్టి తోసుకున్నారు.

"తొయ్యవే!" అంది రేణుక.

"తోస్తనే ఉన్న! నువ్వే ఇడ్సిపెట్టినవ్!"

"గింతేనా నీ జోరు? తన్నేటప్పుడు ఏడికెళ్లి వచ్చింది?"

సపనకు నవ్వొచ్చింది. నవ్వితే పిక్క మళ్లీ పీకింది, మళ్లీ తోసింది. ఆ తోపుకు రేణుక తొడ వెనక ముడి ఒక్కో పోగు వదులవుతున్నట్టు తెలిసింది. కళ్లలో నీళ్లు తుడుచుకుని ఊపిరి పీల్చుకుంది.

కాసేపటికి సపన గొంతు తగ్గించి, "నీకు నిద్రల గూడ వస్తదా?" అని అడిగింది.

రేణుక చుట్టూ చూసింది. "వస్తది. ఈయనకు చెప్పలే. తెల్లారకముందే మబ్బుల లేచి గోడ పట్టుకోని నిలబడ్త."

"నేను గూడ. మిషన్ తొక్కి తొక్కి. మా అమ్మకు తెలిస్తే దుకాణం బంద్ చెయ్యమంటదని నోట్లె గుడ్డ పెట్టుకుంట."

మాట్లాడుకుంటున్నా ఇద్దరి కాళ్లూ తోసుకుంటూనే ఉన్నాయి.

మేఘా నిమ్మకాయ పిండి, ఉప్పూ చక్కెరా వేసిన నీళ్లు రెండు గ్లాసులు తెచ్చింది. సపన గటగటా తాగేసింది. రేణుక పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. నిర్జలమని పదిమందిలో అనేసింది మరి. అప్పటికే పూజ సామాను సర్దడానికి వచ్చిన పురోహితుడు భట్‌జీ గుంపులోంచి తొంగిచూసి, "పాణీ చాల్తం హో వహినీ," అన్నాడు. నీళ్లకు అభ్యంతరం లేదని ఆయనే చెప్పాడు.

"దేవుడు ఒద్దనలే, భట్‌జీ ఒద్దనలే. నీ నోరే ఒద్దన్నది. తాగు!" అని పెంటమ్మ పైనుంచి కసిరింది.

రేణుక తాగింది. ఆ గ్లాసు ఎంత తియ్యగా ఉందో ఆమె ఎవరికీ వర్ణించలేకపోయింది. ఇంకో గ్లాసు అడిగింది.

ఈలోగా ఈరన్న చాళ్‌వాళ్లు అంపైర్ని చుట్టుముట్టారు. ఆమె ఆడలేదని, కాలు పట్టేసి అరుస్తూ తిరిగిందని, అట్లాంటి ఔట్లు చెల్లవని వాదించారు. లస్మయ్య చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"మడిచిన కాలు కింద పెట్టిందా? పెట్టలే. ఎందుకు పెట్టలే అని అడుగుడు నా పని కాదు."

గొడవ సద్దుమణగలేదు. ఆఖరికి అందరూ సపన వైపు తిరిగారు. చివర ఔటైంది తనే గనక తన మాటకు బరువుంటుంది. సపన రేణుక పాదం మీంచి పాదం తీయకుండానే మెడ తడుముకుంది.

"ఔటంటే ఔటే. మెడ ఇరిగేటట్టు పట్టుకున్నది, ముట్టలేదని ఎట్లంట?"

చీర రేణుక ఒళ్లో పడింది. సపన అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "సెమీ పైఠణీ. అసలుది గాదు," అని తేల్చింది.

"కాలు గూడ సగమే పన్జేస్తున్నది. చాల్తది," అంది రేణుక.

సాయంత్రం పూజలో ఇంకో చిక్కొచ్చింది. రేణుక కాలు చాపగలదు గాని మడవలేదు. మడిస్తే మళ్లీ పట్టేసేలా ఉంది. దేవుడి వైపు కాలు చాపి కూర్చోవడం మహాపాపం. శైలేష్ వైపు చాపితే పీట మీద కూర్చున్న ఆయనకు తగులుతుంది. భట్‌జీ ఆమె పీటను అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి పక్కకు పెట్టించాడు. ఆ పక్కన కూర్చుంది సపన. రేణుక కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుని, కథ చెబుతున్నంతసేపూ పిక్క నుంచి తొడ దాకా బొటనవేళ్లతో నొక్కుతూ కూర్చుంది.

"రేపు చీర దుకాణంకు పంపు. ఫాల్ వేస్త," అంది గుసగుసగా.

"గట్టి దారం పెట్టు."

సపన నొక్కుడు ఒక్కసారి గట్టిగా పడింది. రేణుక "స్వామీ!" అంది. భట్‌జీ అది భక్తి అనుకుని తల పంకించాడు.

"మబ్బుల నల్లా రాకముందు జర నడుద్దమా రోజు?" అంది సపన కాసేపాగి. "మేఘా చెప్పింది, కాళ్లు కదిలిస్తనే మంచిదంట. నాగ్‌పాడా దాక పోయొద్దం."

"నడుద్దం. గని రేపు కాదు."

"రేపు ఎవలు లేస్తరే?"

అంతలో హారతి గంట మోగింది. గల్లీలో జనమంతా లేచి నిలబడ్డారు. చిన్నాపెద్దా చప్పట్లు కొడుతూ పాడటం మొదలుపెట్టారు. లేవబోతే రేణుక కాలు సపన ఒళ్లో ఉంది. సపన లేవబోతే ఆమె పిక్క తిమ్మిరెక్కి ఉంది. "అయ్యో, హారతికి కూసుంటరానే?" అని పెంటమ్మ వెనక నుంచి కసురుతూనే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, కూర్చున్నచోటే కూర్చుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.